శ్రావణంలో పెళ్ళి, కాకినాడ ఉక్కపోత, నా జడ పీచు కాకుండా ఏం చేయాలి?

గొట్టంకాజా
జూన్‌లో నా నిశ్చితార్థం అయింది, కాకినాడలోనే. పొద్దున్నే తలంటుకుని పదింటికి పార్లర్‌లో కూర్చున్నాను. వాలుజడ వేసి, ముందు రెండు పక్కలా సన్న పాయలు మెలితిప్పి వెనక్కి పిన్నులు పెట్టారు. అద్దంలో చూసుకుంటే నా దిష్టే నాకు తగిలేలా ఉంది. ఆటో దిగి హాల్లోకి వెళ్ళేసరికి మెలికలు ఉబ్బిపోయాయి. ఉంగరాలు మార్చుకునే టైముకి జడ నిండా పైకి లేచిన వెంట్రుకలే. మా చిన్నాన్న కొడుకు "అక్కా, కరెంటు షాక్ కొట్టిందా?" అన్నాడు. ఆ ఫోటోలు ఇంతవరకు ఎవరికీ పంపలేదు.

ఇప్పుడు పెళ్ళి శ్రావణంలో. ఇంకా 24 రోజులుంది. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. హాల్లో ఏసీ లేదు, పెద్ద పెద్ద ఫ్యాన్లున్నాయి. సాయంత్రం మంగళస్నానం. ఎనిమిదింటికి జడ మొదలుపెడితే తెల్లారి అప్పగింతల దాకా నిలవాలి. నా జుట్టు నడుము దాకా ఉంటుంది. పైన సాదా, కిందికి వచ్చేసరికి ఉంగరాలు, నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు బోలెడు. అప్పుడు జెల్, స్ప్రే రెండూ వాడారు. ఇంకేం మిగిలింది?

ఉప్పుగాలి_విశాఖ
నూనె మిగిలింది. మా అమ్మమ్మ అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని మాడు నుంచి కొస దాకా పట్టించి జడ వేసేది. సముద్రం పక్కనే ఇల్లు. ఒక్క వెంట్రుక లేస్తే ఒట్టు.

చిట్టిముంగురు
మీ అమ్మమ్మ ముప్ఫై వేల పట్టుచీర కట్టుకుని వీడియో లైట్ల ముందు కూర్చోలేదు కదా. జాకెట్టు వీపు మీద నూనె మరక పడితే ఆల్బమ్ నిండా అదే.

ఉప్పుగాలి_విశాఖ
పూలజడ కింద వీపు ఎవరికి కనిపిస్తుందమ్మా.

బోరునీళ్ళ_బాధితుడు
మా ఆవిడ "వానాకాలం వస్తే ఫ్రిజ్ ప్రాబ్లం" అంటుంటే రెండేళ్ళు మెకానిక్‌ని పిలిచాను. ఫ్రిజ్ (frizz) అంటే జుట్టు పీచులా లేవడమని ఇప్పుడు తెలిసింది. ఇక్కడ చదువుతూ ఉంటాను, కొనసాగించండి.

పాపిట_పద్మ
కాజాగారూ, రెండు ప్రశ్నలు. జడ వేసేటప్పుడు జుట్టు లోపలి పాయ చేత్తో పట్టుకుంటే ఎలా ఉంది? పూలు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎప్పుడు పెట్టారు?

గొట్టంకాజా
పైకి ఆరిపోయింది. మెడ దగ్గర లోపల కొంచెం చల్లగా అనిపించింది అంతే. పూలు నాలుగు మూరల మల్లెలు, అప్పుడే కొట్టు నుంచి తెచ్చి ఆకులోంచి తీసి పెట్టారు. పూలకీ దీనికీ ఏంటి సంబంధం?

పాపిట_పద్మ
చల్లగా ఉంది అన్నారే, దొంగ అక్కడే దొరికాడు. ఆరిన జుట్టు చల్లగా ఉండదు. ఇంకా తడి ఉందన్నమాట.

రాజమండ్రిలో పదకొండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తున్నాను. జడ చెడిపోయిన పెళ్ళిళ్ళలో సగం పైన ఇదే కథ. పొద్దున తలంటు, గంటన్నరలో పార్లర్, పైపైన డ్రయ్యర్ కొట్టి జడ. మూడు పాయల మధ్య తడి ఇరుక్కుపోతుంది. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏమీ తెలీదు. బయటికి రాగానే పై నుంచి ఉక్క, లోపల నుంచి తడి. రెండు వైపులా తాగిన వెంట్రుక ఊరుకుంటుందా?

ఇక పూలు. కొట్టువాళ్ళు వాడిపోకుండా దండ మీద నీళ్ళు చల్లుతూనే ఉంటారు. నాలుగు మూరల తడి దండ అంటే జడ మీద తడి తువ్వాలు వేసినట్టే. మీ ఫోటోలు ఒకసారి చూడండి, పూల చుట్టూనే ఎక్కువ లేచి ఉంటుంది.

గొట్టంకాజా
ఇప్పుడే చూశాను. అక్షరాలా అదే. పూల కింద, పక్కన చిన్న చిన్న వెంట్రుకలు ముళ్ళలా. కింది సగం ఏమో నున్నగా ఉంది.

పాపిట_పద్మ
కింది సగంలో సవరం కలిపారా?

గొట్టంకాజా
అవును!

పాపిట_పద్మ
అయితే అది నైలాన్ సవరం. నైలాన్‌కి తేమ పెద్దగా పట్టదు, అందుకే పైన పీచు, కింద పట్టు. అసలు జుట్టుతో చేసిన సవరమైతే అదీ మీ జుట్టుతో పాటే ఉబ్బేది.

రిటైర్డ్_మాస్టారు
ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి ఒక మాట. జుట్టు తేమని తాగి సాగుతుంది. బాగా పొడి గాలిలోంచి బాగా తేమ గాలిలోకి తెస్తే దాదాపు 2 శాతం పొడుగు పెరుగుతుంది. లావు ఇంకా ఎక్కువ పెరుగుతుంది. 1783లో సోస్యూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఈ గుణాన్ని పట్టుకుని, మనిషి వెంట్రుకతోనే గాలిలో తేమ కొలిచే పరికరం గురించి పుస్తకం రాశాడు. మా కాలేజీ ల్యాబులో అలాంటిది ఒకటి ఉండేది. వెంట్రుక సాగితే ముల్లు కదిలేది.

వెంట్రుకలో ఉండే ప్రోటీన్ పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలుంటాయి. నీరు తగిలితే అవి తెగి, ఆరినప్పుడు ఆ క్షణాన ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్ళీ కట్టుకుంటాయి. జడలో బిగించిన వెంట్రుకలన్నీ ఒకేలా సాగవు, ఎక్కువ సాగినవి చోటు లేక పైకి వంగుతాయి. మీ జడ ఆ రోజు తేమమాపకంగా పనిచేసింది, అంతే.

చిట్టిముంగురు
మాస్టారూ, పెళ్ళికూతురు ఏడుస్తుంటే తేమమాపకం అంటారా.

హ్యూస్టన్_కోడలు
మాస్టారు చెప్పిన "ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారం" అన్నదే కీలకం. పద్మగారితో నాకు ఇక్కడే చిన్న తేడా. ఆరబెట్టి జడ వేయాలి అన్నది సాదా జుట్టుకి. ఉంగరాల జుట్టుకి తడిగానే వేసి, జడలోనే పూర్తిగా ఆరనివ్వాలి.

హ్యూస్టన్ వేసవి కాకినాడకి చెల్లెలే. మా అమ్మాయిది వాళ్ళ నాన్న పోలిక, రింగులు రింగులు. ఏ జడ వేసినా స్కూల్ బస్సు ఎక్కేలోపే పొగలా లేచేది. నా ఆఫీసులో నైజీరియా ఆవిడ ఉంది. ఆవిడ, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు వారాల తరబడి సన్నజడలతోనో, రెండు పాయల మెలికలతోనో ఉంటారు. వాళ్ళ జుట్టుకి తేమ మనకన్నా పెద్ద పరీక్ష, అయినా నున్నగా ఎలా ఉంటాయో అని సిగ్గు విడిచి అడిగాను. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి చూపించింది.

జుట్టుని ఒక్క ముద్దగా పట్టుకోలేదు. పాపిట్లు తీసి చిన్న చిన్న భాగాలు చేసింది. ఒక్కో భాగాన్ని నీళ్ళతో తడిపి, చిక్కు తీసి, వేలికొసంత జెల్ కొస దాకా సాగదీసి, అప్పుడు మెలి. ముందు పాయ అయ్యాకే తర్వాత దాన్ని ముట్టుకుంది. అంతా అయ్యాక పైన నురుగులాంటి మూస్ రాసి, శాటిన్ గుడ్డ బిగించి కట్టి పావుగంట వదిలేసింది. గుడ్డ విప్పితే ఇస్త్రీ చేసినట్టు పడుకున్నాయి. రాత్రి కూడా ఆ గుడ్డతోనే పడుకోమంది. నూలు దిండు వెంట్రుకని గీకుతుందట.

ఇంకొకటి కూడా చెప్పింది. మెలికల కన్నా మూడు పాయల జడ ఎక్కువ నిలుస్తుంది. మూడు పాయలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మెలికకి ఆ పట్టు లేదు.

అంబాజీపేట_అబ్బాయ్
జుట్టు గురించి నాకు సున్నా తెలుసు. తాడు గురించి తెలుసు, మాది కోనసీమ, కొబ్బరి పీచు మధ్యే పెరిగాను. మెలికకి పట్టు లేదు అన్నారు కదా, అది పేనడం రాకపోవడం.

తాడు పేనేటప్పుడు ఒక్కో పోగుకి విడిగా ఒక దిక్కుకి పురి పెడతాం. తర్వాత రెండు పోగుల్ని కలిపి దానికి ఎదురు దిక్కుకి తిప్పుతాం. అప్పుడు ఇది విప్పుకోవాలని చూస్తే అది బిగుస్తుంది. రెండు పోగుల్నీ పురి లేకుండా ఊరికే చుట్టేస్తే వదిలిన వెంటనే విడిపోతుంది. నిశ్చితార్థంలో మీ మెలికలు ఎలా తిప్పారో గుర్తుందా?

గొట్టంకాజా
ఊరికే చుట్టేశారు. పురి గిరి ఏమీ లేదు.

హ్యూస్టన్_కోడలు
అబ్బాయ్ గారూ, ఆ నైజీరియా ఆవిడ చేసింది కూడా సరిగ్గా ఇదే. నేను చూశాను కానీ మాటల్లో పెట్టలేకపోయాను. దండం.

అంబాజీపేట_అబ్బాయ్
మా నాయనమ్మకి చెప్తాను, అమెరికా దాకా వెళ్ళింది నీ పీచు అని.

ఉప్పుగాలి_విశాఖ
ఇంతమంది ఇంత చెప్పారు, నూనె మాట ఎవరూ ఎత్తలేదు.

పాపిట_పద్మ
నేను ఎత్తుతాను. నూనె మంచిదే, టైము తప్పు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలంటుకి ముందు రాత్రి పెడితే నీళ్ళు తాగి ఉబ్బడం తగ్గుతుంది. జడ వేశాక బొట్టు నూనె అరచేతుల్లో రుద్దుకుని పై నుంచి కిందికి ఒకసారి జార్చితే చాలు. తడి జుట్టు మీద గిన్నెడు పోస్తే లోపలి తడి ఆరదు, పైగా వీపు జిడ్డు. నుదుటి పొట్టి వెంట్రుకలకి మాత్రం ఆముదం. చిటికెన వేలి కొసంత.

హ్యూస్టన్ గారి మాట కూడా ఒప్పుకుంటాను. కాజాగారిది పైన సాదా, కింద ఉంగరాలు అన్నారు. పెళ్ళిరోజు పూలజడ, సవరం అన్నీ కుట్టాలి కాబట్టి తడిగా వేసి ఆరేదాకా ఆగే టైము ఉండదు. ఆరబెట్టే దారి ఎంచుకోండి. ముందు పక్క మెలికలకి మాత్రం తడి పద్ధతి, సన్న పాయలు కాబట్టి త్వరగా ఆరతాయి.

సన్నజాజి88
నాకు గ్లిజరిన్ ఉన్న సీరం ఎవరో చెప్పారు. వానాకాలంలో రాసుకుంటే ఇంకా రెట్టింపు లేచింది. ఎందుకు?

రిటైర్డ్_మాస్టారు
గ్లిజరిన్ గాలిలోంచి నీటిని లాక్కుంటుంది. చలికాలం ఒంటికి రాసుకుంటే మేలు చేసేది అందుకే. ఉక్కలో తలకి రాస్తే అదే పని మీ జుట్టు కోసం చేసిపెడుతుంది.

చిట్టిముంగురు
షాపు జెల్ పొరలు పొరలుగా రాలి చుండ్రులా కనిపిస్తుంది, నల్లజడ మీద మరీ. నేను అవిసె గింజల జెల్ చేసుకుంటాను. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్నమంట. కలుపుతూ ఉండాలి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడే దించి వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు, నేను ఒక పాత చున్నీ బలిపెట్టాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

బోరునీళ్ళ_బాధితుడు
ఏ ఫ్రిజ్‌లో?

చిట్టిముంగురు
మీ ఆవిడ దాంట్లో. సీసా మీద పేరు రాయండి. మా మామయ్యగారు బార్లీ అనుకుని సగం తాగేశారు. "ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు.

ఉప్పుగాలి_విశాఖ
అవిసెలు ఎక్కడివో ఎందుకు, పెరట్లో మందారాకు నలిపితే జిగురే జిగురు. మెంతులు నానబెట్టినా అదే.

చిట్టిముంగురు
మందారాకు పని చేస్తుంది, కాదనను. ఆకు ముక్క ఒక్కటి జడలో మిగిలితే మాత్రం పచ్చగా కనబడుతుంది. మెంతుల వాసన పెళ్ళికొడుక్కి పప్పుచారు గుర్తు చేస్తుంది.

వరంగల్_వాణి
ఇదంతా ఎందుకు, పార్లర్‌లో జుట్టు నున్నగా చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకో చెల్లీ. మా ఆడబిడ్డ చేయించుకుంది, ఆరు నెలలు వాన పడినా కదల్లేదు.

పాపిట_పద్మ
వాణిగారూ, పెళ్ళికి ముందు నేనైతే వద్దంటాను. కొన్ని మందుల్లో వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, కళ్ళూ గొంతూ మండుతాయి. రెండోది వృత్తి కష్టం. అలా నున్నగా చేసిన జుట్టు మీద పిన్ను నిలవదు, సవరం జారిపోతుంది. పూలజడ బరువు పట్టాలంటే జుట్టుకి కొంచెం గరుకు ఉండాలి.

వరంగల్_వాణి
అవును, మా ఆడబిడ్డ పెళ్ళిలో సవరం ఊడింది. నేను చెప్పొద్దనుకున్నాను.

గొట్టంకాజా
కెరటిన్ వద్దు. అసలు చిక్కు వేరే ఉంది. మంగళస్నానం సాయంత్రం ఆరింటికి. నలుగు, తలకి నూనె, కుంకుడుకాయ పులుసు, అన్నీ. ఆ ఉక్కలో నడుము దాకా ఉన్న జుట్టు రెండు గంటల్లో ఆరుతుందా? "ముందురోజే తలంటుకుని ఆ రోజు ఒంటికి మాత్రం పోసుకుంటా" అంటే అమ్మ మాట్లాడటం మానేసింది.

చిట్టిముంగురు
నాలుగు చుక్కలు మాడు మీద చల్లి శాస్త్రం అయిందనిపించండి. నా పెళ్ళిలో అలాగే చేశాం.

ఉప్పుగాలి_విశాఖ
అది శాస్త్రం కాదు, సర్దుబాటు. పెళ్ళికూతురు తలంటుకోకుండా పీటల మీద కూర్చోవడమేంటి?

రిటైర్డ్_మాస్టారు
పేచీ ఎందుకు, స్నానం ఒక గంట ముందుకి జరపండి. పురోహితుడిని అడిగితే కాదనకపోవచ్చు. ముహూర్తం కదలకూడదు కానీ చెంబు కదలొచ్చు.

ఉప్పుగాలి_విశాఖ
ఇది ఒప్పుకుంటాను. ఇంకోటి, సాంబ్రాణి వేయండి. నన్ను నూనె మనిషి అని తీసిపారేశారు కానీ ఇది వినండి. బాలింతలకి, పసిపిల్లలకి ఎందుకు వేస్తారు? జుట్టు ఆరడానికే. ధూపం పళ్ళెంలో నిప్పులు వేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, జుట్టు బుట్ట మీద పరచాలి. వేడి పొడి పొగ కింది నుంచి దూరి, డ్రయ్యర్‌కి అందని మెడ దగ్గర పాయ కూడా ఆరిపోతుంది. పది నిమిషాలకోసారి జుట్టు తిరగేయాలి.

పాపిట_పద్మ
నూనె మనిషి గెలిచారు. ఒక్క జాగ్రత్త, సాంబ్రాణి అయ్యి నిప్పులు బయట పడేశాకే హెయిర్ స్ప్రే సీసా తీయండి. అది భగ్గుమనే సరుకు. నైలాన్ సవరం కూడా ఆ చుట్టుపక్కల పెట్టొద్దు.

ఆరాక డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి మొత్తం తిప్పండి. పది నిమిషాలు ఊరికే వదిలేయండి. వేడిగా ఉన్న జుట్టుకి జడ వేయొద్దు. చేతివెనక్కి ఆనించి చూడండి, చల్లగానూ ఉండకూడదు, వెచ్చగానూ ఉండకూడదు. జడ వేశాక లేచిన వెంట్రుకలకి నేరుగా స్ప్రే కొట్టొద్దు. పాత టూత్‌బ్రష్ మీద కొట్టి, దాంతో పాయ వెంట దువ్వండి.

పూలు కడియపులంక నుంచి తెప్పిస్తున్నారా? దండ రాగానే నూలు గుడ్డ మీద పరిచి అరగంట ఫ్యాన్ కింద పెట్టండి. పూలజడ కుట్టేవాళ్ళకి ముందే చెప్పి, వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టించండి. పూల తడి జడకి దిగదు.

సన్నజాజి88
ప్లాస్టిక్ పెడితే వీపు చెమట?

పాపిట_పద్మ
జడ వెడల్పే కత్తిరిస్తారు, చీరలా కాదు.

గొట్టంకాజా
ఆదివారం ట్రయల్ వేశాం. తలంటు, సాంబ్రాణి, చల్లగాలి, అన్నీ. అమ్మ మాట్లాడుతోంది ఇప్పుడు, బుట్ట తనే వెతికి తెచ్చింది. అటక మీద ఉందట, నేను పుట్టినప్పటిది. గంటా ఇరవై నిమిషాలు పట్టింది ఆరడానికి. తర్వాత కావాలనే వంటింట్లో నిలబడి ఇడ్లీ పాత్ర ఆవిరి పక్కన పని చేశాను. నాలుగు గంటల తర్వాత జడ బాగుంది. ముందు మెలికలు మాత్రం కుడివైపుది నిలిచింది, ఎడమవైపుది విడిపోయింది. అబ్బాయ్ గారూ?

అంబాజీపేట_అబ్బాయ్
ఎడమవైపు ఎవరు తిప్పారు?

గొట్టంకాజా
రెండూ నేనే. అద్దంలో చూసి.

అంబాజీపేట_అబ్బాయ్
అద్దంలో దిక్కు తారుమారైంది. ఎడమ పక్క పోగు పురీ, కలిపి తిప్పిందీ ఒకే దిక్కుకి వెళ్ళి ఉంటాయి. ఇంకొకరి చేత తిప్పించండి.

గొట్టంకాజా
పెళ్ళయింది. నాలుగు రోజులైంది, ఇప్పటికి ఫోను పట్టుకునే తీరిక దొరికింది.

స్నానం ఐదింటికే అయింది, పురోహితుడు నవ్వి సరే అన్నారు. ఆ సాయంత్రం వాన పడి వెలిసింది, ఇక ఉక్క గురించి చెప్పక్కర్లేదు. జడ ఎనిమిదిన్నరకి మొదలై పదింటికి అయింది. మెలికలు మా పిన్ని తిప్పింది, "ఎదురు దిక్కు, ఎదురు దిక్కు" అని పక్కన అమ్మ జపం. పూలజడ వెనక ప్లాస్టిక్ పెట్టమంటే కుట్టే ఆయన వింతగా చూశాడు కానీ పెట్టాడు.

మూడింటికి ఫోటోలు చూసుకున్నాను. జడ నున్నగా ఉంది, మెలికలు రెండూ ఉన్నాయి. నుదుటి దగ్గర మూడు నాలుగు వెంట్రుకలు లేచాయి, అవి అందంగానే ఉన్నాయి. ఒక్క చోట మాత్రం అంతా పోయింది. సరిగ్గా నడినెత్తిన. ఆయన జీలకర్ర బెల్లం పెట్టి, తీయకుండా అలాగే అదిమి పట్టుకున్నారు. చెమటకి బెల్లం కరిగి పాపిట వెంట కారింది. పైన తలంబ్రాలు.

రిటైర్డ్_మాస్టారు
బెల్లం కూడా తేమ లాగుతుంది. నేను ముందే చెప్పాల్సింది.

చిట్టిముంగురు
అవిసె జెల్ కన్నా గట్టిగా పట్టి ఉంటుందే! శుభాకాంక్షలు. ఇప్పుడైనా నిశ్చితార్థం ఫోటోలు చూపించండి, పోలిక కోసం.

గొట్టంకాజా
చచ్చినా చూపించను. రెండుసార్లు తలంటుకున్నాను, దువ్వెనలో జీలకర్ర ఇంకా వస్తూనే ఉంది. దానికేమైనా చెప్పండి ముందు.

ఉప్పుగాలి_విశాఖ
నూనె.